ఒడ్డున నా షిఫ్టు

ఆ ఊళ్లో పొద్దున తొమ్మిదింటిదాకా ఎవరూ లేవరు. కుక్కలు కూడా ఇసుకలో అడ్డంగా పడి నిద్రపోతుంటాయి, అరిచినా చెవి కదిలించవు. కేరళ తీరంలో కొబ్బరిచెట్ల కింద చిన్న ఊరది. దేశదేశాల జనం చెప్పుల్లేకుండా, చంకలో పొడుగాటి పలక పెట్టుకుని తిరుగుతుంటారు. అలల మీద ఆ పలకెక్కి నిలబడటమే వాళ్లకు పనట. ముప్పై రెండేళ్లు ఇల్లందులో బొగ్గుబాయి దిగినవాణ్ణి నేను. నాలుగింటికే మెలకువ వచ్చేసి, టీ దొరక్క ఊరంతటినీ తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

రిటైరయ్యాక ఎక్కడికీ కదలడం లేదని మా అమ్మాయే టికెట్లు తీసి మమ్మల్నిద్దరినీ పంపింది. కూరల్లో కారం లేదన్న దిగులు తప్ప రెండ్రోజులు హాయిగానే గడిచాయి. ఆ దిగులు కూడా మా ఆవిడ సంచిలో తెచ్చిన మామిడికాయ తొక్కు తీర్చేసింది. మూడోనాడు టీ తాగుతూ ఆవిడ నిదానంగా చెప్పింది.

"నేను గూడ ఆ పలకెక్కుత."

"గీ వయసుల గివేం యాషాలే?" అన్నాను.

"పర్ణశాలల పుట్టిన, గోదారిల ఈదుకుంట పెరిగిన. నీ లెక్క మోకాళ్ల లోతుకే దేవుణ్ణి తలుసుకుంటనా?"

అదీ నిజమే. నాకు నీళ్లంటే చచ్చేంత భయం. ఆవిడ పట్టు పడితే వదిలే రకం కాదు.

నేర్పేవాడు నెరిసిన గడ్డంతో ఉన్న ఒక జాలరి. ఇసుకలోనే పలక మీద ఆమెను బోర్లా పడుకోబెట్టి, గభాల్న లేవడం ఎట్లాగో చూపించాడు. పలకకున్న తాడు ఆమె కాలికి కట్టాడు. ఇక బయల్దేరదామనగానే నేను అడ్డం వెళ్లి, నాకొచ్చిన హిందీలో, "టోకెన్ ఏది?" అని అడిగాను.

మా బాయిలో ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఒకటుండేది. దిగేముందు అది పైన ఇచ్చి దిగాలి, ఎక్కి వచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలున్నట్టే. వెతకందే ఎవరూ ఇంటికి పోరు. అంత సముద్రంలోకి మనిషిని తీసుకుపోతూ ఒడ్డున ఏ గుర్తూ పెట్టుకోకపోతే ఎట్లా?

జాలరి బిత్తరపోయి చూశాడు. మా ఆవిడ నవ్వి, చర్చిలో పెళ్లినాడు నేను తొడిగిన ఉంగరాన్ని తిప్పి తిప్పి తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇగో, గిదే నా టోకెన్. పడగొట్టకు."

మొదట రెండుసార్లు పడింది, లేచి నవ్వింది. మూడోసారి పెద్ద అల వచ్చింది. తెల్లటి నురగలో పలక ఒక్కటే పైకి తేలింది. ఆమె లేదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. పిడికిలి బిగించి పరుగెత్తాను. ఆమె పలక పక్క నుంచే పైకి లేచి, ముఖం తుడుచుకుని చూసేసరికి నేను ఛాతీ లోతు నీళ్లలో ఉన్నాను.

"నువ్వేంది గీడ?" అంది.

"చానాసేపు కనపడలె."

"అర నిమిషం గూడ కాలె." నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ముప్పై రెండేండ్లు నేను గిట్లనే ఉన్న. సైరన్ మోగని దినం గూడ."

బాయిలో ప్రమాదం జరిగితేనే ఆ సైరన్ మోగేది. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఆవిడ ప్రతిరోజూ గడపలో నిలబడి ఉండేది. అన్నం చల్లారిందని అరిచేవాణ్ణి. ఎందుకు నిలబడ్డావని ఒక్కనాడూ అడగలేదు. నాకు సిగ్గేసింది.

పిడికిలి విప్పి ఉంగరం అందించబోయాను. ఆమె తీసుకోలేదు.

"నీ దగ్గరనే ఉంచు. నా షిఫ్టు ఇంక కాలె," అని పలకను అలలవైపు తిప్పుకుంది.

వద్దనలేదు. ఒడ్డుకొచ్చి తడిబట్టలతో నిలబడ్డాను. కూర్చోమని ఎవరో కుర్చీ తెచ్చి వేశారు గానీ, ఆమె తిరిగి వచ్చేదాకా నాకు కూర్చోబుద్ధి కాలేదు.