వాగు దాకా చలి

మా మేనత్త పోయిందని నాకు నస్రీన్ ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడు మహబూబాబాద్‌లో, మా బి.ఎడ్. కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. "అక్కా, అత్త పోయింది. పొద్దుగాల చాయ్ పెట్టుకుంట పెట్టుకుంట కూసున్నది. నీళ్ళడిగింది. తాపిన. గంతే," అంది. ఏడుస్తూనే చెప్పింది కానీ ఒక్క మాట కూడా తడబడలేదు. నాకు ఏడుపు రాలేదు. నాకంటే ముందు ఈమెకు తెలిసింది అనుకున్నాను. చివరి నీళ్ళు కూడా ఈమె చేతులతోనే తాగింది అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాక ఏడుపు వచ్చింది.

మేనత్త భూపాలపల్లిలో ఒక బొగ్గు గని క్యాంటీన్‌లో వంట చేసేది. ఆమె ఉండే ఊరు అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. మొదటి షిఫ్టు వాళ్ళు గనిలోకి దిగేలోపు చాయ్, ఉప్మా సిద్ధంగా ఉండాలి. ఆ వేళకు బస్సు లేదు. అందుకని ఐదు గంటలకే సైకిల్ మీద బయలుదేరేది. మామయ్య పోయినప్పటి నుంచి ఆమె చేసిన ప్రయాణం ఇదొక్కటే. దానికి మాత్రం రోజూ తయారయ్యేది.

చలికాలంలో ఆమె తయారవడం చూడాల్సిన సంగతి. ఈ వ్యాసం చదివేవాళ్ళలో పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. రవిక మీద చీర బిగించి కట్టేది. ఛాతీకి అడ్డంగా పాత న్యూస్‌పేపర్ నాలుగు మడతలు పెట్టి దోపేది. దాని మీద చేతుల్లేని స్వెటర్. అన్నిటి మీద మామయ్య ఫుల్ షర్టు వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకునేది. చెవులకు తువ్వాల. వీపు వైపు కాగితం ఎందుకు పెట్టుకోవని ఒకసారి అడిగాను. "సైకిల్ మీద సలి ముందటికెళ్ళే వస్తది కోడలా, ఎన్కకెళ్ళి రాదు," అంది. సంచిలో ఇంకో రవిక మడతపెట్టి ఉండేది. క్యాంటీన్ చేరగానే ముందు అది మార్చుకుని, తర్వాతే పొయ్యి అంటించేది. "ఎచ్చగున్నవా అని కాదు, పొడిగున్నవా అని సూస్కోవాలె," అనేది. చెమట పట్టిన బట్టే మనిషిని చలికి పట్టిస్తుందని ఆమె నమ్మకం.

అన్నిటికంటే ఎక్కువగా అనే మాట ఇంకొకటి ఉంది. "గడప దాటంగ వణకాలె, వాగు దాటంగ మర్వాలె." ఇంట్లోనే వెచ్చగా ఉండేలా వేసుకుంటే దారిలో తడుస్తావు, కొంచెం తక్కువ వేసుకుని వణుకుతూ బయలుదేరు, రెండు కిలోమీటర్లలో వాగు వస్తుంది, అప్పటికి ఒళ్ళే వేడెక్కుతుంది. ఇదీ దాని అర్థం.

ఆ కాగితం సంగతి తప్ప ఈ మాటలేవీ ఆమె నాకు చెప్పినవి కావు. నస్రీన్‌కు చెబుతుంటే నేను విన్నవి.

నస్రీన్ పక్కింటి టైలర్ కూతురు. నాకంటే ఏడాది చిన్నది. కానిస్టేబుల్ ఉద్యోగానికి వయసు రాకముందే పరుగు ప్రాక్టీసు చేసేది. మైదానం భూపాలపల్లిలో ఉంది కాబట్టి రోజూ మేనత్తతో పాటే సైకిల్ మీద పోయేది. అత్తా అని నా వరసతోనే పిలిచేది. మేనత్త నన్ను "కోడలా" అనేది, ఆమెను "బిడ్డా" అనేది. వరస ప్రకారం నేను కోడలినే. అందులో తప్పేమీ లేదు. అయినా ఆ రెండు మాటలూ ఒకే నోట వెంటవెంటనే విన్నప్పుడల్లా నాకు రెండోదే కావాలనిపించేది.

ఆరేళ్ళ కిందట, జనగామ కాన్వెంట్‌లో ఇంటర్ చదువుతూ క్రిస్మస్ సెలవులకు మేనత్త దగ్గరికి వెళ్ళాను. నాలుగు రోజులు తలుపు వెనక నిలబడి వాళ్ళిద్దరూ తయారవడం చూశాను. వాగు దగ్గర ఏం జరుగుతుందో రోజూ సాయంత్రం నస్రీన్ చెప్పేది. మేనత్త అక్కడ సైకిల్ ఆపి, నస్రీన్ కాలర్ లోపలికి రెండు వేళ్ళు పెట్టి మెడ వెనక చూస్తుంది. తడి తగిలితే ఒక బట్ట తీయిస్తుంది. పొడిగా ఉంటే "పా బిడ్డా" అంటుంది. నస్రీన్ దాన్ని నవ్వుతూ చెప్పేది. నేను పుస్తకంలో తల పెట్టుకుని వినేదాన్ని.

ఐదో రోజు నేను కూడా వస్తానన్నాను. వాళ్ళింట్లో అన్న సైకిల్ ఖాళీగా ఉంటే నస్రీన్ నా కోసం తెచ్చింది. నేను రెండు స్కూలు స్వెటర్లు, దాని మీద జర్కిన్, మఫ్లర్, కుచ్చు టోపీ వేసుకుని బయటికి వచ్చాను. మేనత్త ఆ చీకట్లోనే నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఏందే గిది? ఉన్నయన్ని ఏసుకునుడే నేర్పిన్రా మీ కాన్వెంటుల? ఉల్లిగడ్డ లెక్కున్నవ్."

నస్రీన్ పకపకా నవ్వింది.

"రెండు తీసెయ్ కోడలా."

"సలి పెడ్తదత్తా."

"పెట్టాలెనే! పెట్టకపోతె ఎట్ల?"

నేను తల అడ్డంగా ఊపాను. చెప్పింది అర్థం కాక కాదు. తడిస్తే వాగు దగ్గర నా కాలర్‌లో కూడా తప్పకుండా వేళ్ళు పెడుతుంది కదా, అందుకు.

వాగు వచ్చేసరికి నా వీపు మీద చెమట కారుతోంది. మేనత్త ముందు నస్రీన్ మెడ చూసింది. "మంచిగున్నవ్ బిడ్డా." తర్వాత నా వైపు తిరిగింది. నేను మఫ్లర్ పక్కకు లాగి, మెడ వంచి నిలబడ్డాను. ఆ నిలబడడం ఎంతసేపో నాకు తెలియదు. చెయ్యి రాలేదు.

"తడిసి ముద్దయినవ్. నస్రీన్, ఈమెను ఇంటికి తోల్కపో. నాకు షిఫ్టు టైమైతాంది." షర్టు పై గుండీలు విప్పి, ఛాతీ మీది కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "గిది ముందట దోపుకో. ఇంటికి పోంగనే అన్ని మార్చుకో." అంతే, సైకిల్ ఎక్కింది. కాగితం ఆమె ఒంటి వేడితో ఉంది. నేను దాన్ని జర్కిన్‌లో పెట్టుకోలేదు. చేతిలోనే నలిపాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. తడి స్వెటర్లు ఒంటికి అతుక్కుని మంచులా తగిలాయి. "నా పరుగు పాయె ఇయ్యాల," అంది నస్రీన్. కోపంగా అనలేదు. అది ఇంకా బాధనిపించింది.

నాకు జ్వరం వచ్చింది. మూడో రోజు నాన్న వచ్చాడు. నేను దుప్పటి కప్పుకుని లోపల పడుకున్నాను. వరండాలో మాటలు వినబడుతున్నాయి.

"సదువుకునే పిల్లను తెల్లారకముందే సలిల తిప్పుతవా అక్కా? జర సోయుండద్దా?"

"తప్పైంది తమ్మీ. నేనే సూస్కోలే."

బట్టలు తీసెయ్యమని ఆమె చెప్పింది, నేనే తియ్యలేదు. ఆ ఒక్క మాట నేను లేచి అనాలి. అనలేదు. భయం వల్ల అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజం వేరు. నస్రీన్‌తో పంచుకోకుండా, నా ఒక్కదాని కోసం మేనత్త చేసిన మొదటి పని, ఆ తప్పు తన మీద వేసుకోవడం. దాన్ని పోగొట్టుకోవాలనిపించలేదు.

నాన్న నన్ను తీసుకుని వచ్చేశాడు. తర్వాత పండుగకో పెళ్ళికో వెళ్ళడమే. ప్రతిసారీ చెప్పాలనుకునేదాన్ని. మేనత్త సకినాలు ముందు పెట్టి "తిను కోడలా, సన్నబడ్డవ్" అనేది. నేను తినేదాన్ని. ఆమె మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఈలోపు నస్రీన్ కానిస్టేబుల్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మేనత్త దగ్గరే క్యాంటీన్‌లో చేరింది.

దినం నాడు మధ్యాహ్నం, చుట్టాలు భోజనాలు చేస్తుండగా, నస్రీన్ క్యాంటీన్‌లో మిగిలిన మేనత్త సంచి తెచ్చి వెనక వాకిట్లో నా చేతికి ఇచ్చింది. మార్చుకునే రవిక మడత విప్పకుండానే ఉంది. ఆ ఒక్క రోజు మార్చుకోకుండానే పొయ్యి అంటించిందన్నమాట. మేనత్తకు చెప్పాల్సింది ఇక ఎవరికో ఒకరికి చెప్పాలి. అక్కడ నస్రీనే ఉంది.

"ఆ రోజు తీసెయ్యమన్నది నాకు మంచిగనే అర్థమైంది నస్రీన్. కావాలనే తియ్యలే."

"ఎర్కే అక్కా."

"నీకెట్ల ఎర్క?"

"అత్తనే చెప్పింది. నువ్వు మెడ వంచినవ్ సూడు, గప్పుడే సమజైందట. 'శెయ్యి పెడ్తె రేపు గూడ గిట్లనే ఏసుకొస్తది పిల్ల, జరం పట్టుకుంటది' అన్నది. అందుకే పెట్టలేదట."

"మరి మా నాయిన తిడ్తాంటె ఎందుకూకున్నది?"

"నేను గూడ గదే అడిగిన. 'నా కోసం చేసిన తప్పాయె, గది వాళ్ళ నాయినకెందుకు' అన్నది." నస్రీన్ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీకు చెప్పుమని అత్తతోని అన్న అక్కా. 'వస్తె చెప్త' అనేది. నువ్వొచ్చి బుక్కు పట్టుకుని మూలకు కూసునేదానివి."

మేనత్తకు అంతా తెలుసు, నన్ను తప్పు పట్టలేదు. ఈ మాటతో నా గుండె తేలిక కావాలి. కొంత అయింది కూడా. కానీ ఆ మాట ఆరేళ్ళు నస్రీన్ దగ్గర ఉంది, నా దగ్గర లేదు. నాకు రావాల్సిన మాట కూడా ముందు ఆమె చెవినే పడింది. నా అసూయ పోయిందని రాస్తే ఇది అబద్ధాల వ్యాసం అవుతుంది. పోలేదు. కాకపోతే ఇప్పుడు దాని వెనక నిలబడి చూస్తే మేనత్త కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ నస్రీన్ ఒక్కతే కనిపించేది.

మర్నాడు నస్రీన్ మొదటి షిఫ్టుకు బయలుదేరింది. క్యాంటీన్‌లో చాయ్ పెట్టేది ఇక ఆమే. నేను శాలువా కూడా లేకుండా రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఊరి చివర ఎవరో ముగ్గురు పత్తికట్టె తగలబెట్టి చలి కాచుకుంటున్నారు. "ఆగి జర ఎచ్చగైపో బిడ్డా," అని ఒకాయన కేకేశాడు. నస్రీన్ ఆగలేదు. ఆమె సైకిల్ పక్కనుంచి దూసుకుపోయిన గాలికి ఆ మంట మొత్తం ఒక్కసారి ఆమె పోయిన వైపు వంగింది. మంట మళ్ళీ నిటారుగా నిలబడేసరికి పొగమంచులో నస్రీన్ లేదు.