పక్కవాడి సగం

కరెంటాయన మెట్లెక్కుతూనే గొంతు పెంచాడు. "ఇది ఇల్లా, ఇత్తడి కార్ఖానానా? సెలవు రోజు కూడా మనిషి కునుకు తియ్యక్కర్లేదా?" కింది వాటాలో అద్దెకుంటాడాయన. కరెంటు పని చేస్తాడు కాబట్టి ఆ పేరు, ముట్టుకుంటే కొట్టే రకం కాబట్టి కూడా.

వదిన వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. మాటకు మాట వడ్డించడంలో ఆవిణ్ణి మించినవాళ్లు ఆ వీధిలో లేరు. అయినా ఈసారి మరిది ఏం చేస్తాడో చూద్దామనుకుంది. పాపం, తగువులో వాడు నెగ్గింది ఎన్నడూ లేదు. సోఫాలకు గుడ్డ తొడిగే షాపులో యజమాని చీవాట్లకు తలూపీ తలూపీ మెడ అరగదీసుకున్న మనిషి.

మరిది సుత్తి కింద పెట్టాడు. ఒళ్లో ఉన్న డాలు ఎత్తి, "ఒక్కసారి తొడిగి చూడన్నా. తర్వాత నువ్వేమంటే అదే" అన్నాడు.

"నేనేమన్నా నాటకాలవాణ్ణా?" అంటూనే కరెంటాయన చెయ్యి దూర్చాడు. నిలబడ్డాడు. ఒక్కసారి తన ఎడం పక్కకు చూశాడు. నిద్రపోయిన పసిపిల్లను దించినంత మెల్లిగా డాలు మంచం మీద పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి, మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఆ చప్పుడు ఊసెత్తితే ఒట్టు.

"నెగ్గావురోయ్!" అని వదిన పగలబడి నవ్వింది. మరిది నవ్వలేదు.

వాడు ఆవిడ కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగాడు. ఆవిడ కాపురానికొచ్చేనాటికి నిక్కర్ల వయసు. పెద్దయ్యాక పెళ్లి వద్దన్నాడు, వదిన తిట్లు చాలు, ఇంకొకరివి కూడా ఎక్కడ మొయ్యను అన్నాడు. మొగుడు పోయాక ఆవిడకు మిగిలింది వాడొక్కడే. వాడు లేని ఇంట్లో ఎవరి మీద అరవాలో కూడా ఆవిడకు తెలీదు.

డాలు పిచ్చి షాపులోనే పట్టింది. బాగుకొచ్చిన ఓ పాత సోఫాలో, దిండు కింద, బొమ్మల పుస్తకం దొరికింది. అందులో ఎప్పటివాళ్లో గ్రీకు సైనికులు, భుజం భుజం ఆనించుకుని వరసగా నిలబడ్డారు. ప్రతివాడి చేతికీ బోర్లించిన బేసిన్ లాంటి గుండ్రటి డాలు. "ఇలాంటిది నేను చేస్తా వదినా" అన్నాడు. పోనీలే, తాగుడు కాదు, పేకాట కాదు అనుకుంది.

మెత్తటి చెక్క పలకలు జిగురుతో అతికించి, ఉలితో గిన్నెలా తొలిచాడు. పైన ఇత్తడి రేకు పరిచి, చెక్కకు హత్తుకునేదాకా కొట్టాడు. లోపల తోలు కుట్టాడు. మొదట పిడి నట్టనడుమ బిగించాడు, గిన్నె మూతకున్నట్టు. ఎత్తగానే బరువుకు మణికట్టు తిరిగిపోయింది. మళ్లీ పుస్తకం చూసి, పిడి పీకేసి, మధ్యలో మోచెయ్యి దూరే పట్టీ, అంచు దగ్గర గుప్పిట పట్టే తాడూ పెట్టాడు. బరువు సర్దుకుంది. కానీ మోచెయ్యి మధ్యకొచ్చేసరికి డాలులో సగం ఒంటిని దాటి ఎడం పక్కకు పొడుచుకొచ్చింది.

"సగం దండగ" అంది వదిన.

"దండగ కాదు. ఆ సగం పక్కవాడికి. నన్నేమో నా కుడి పక్కవాడి డాలు కాస్తుంది. వరసంతా అంతే."

"ఇంతకీ నీ వరసలో ఎంతమంది నాయనా?"

"నేనొక్కణ్ణే" అని ఎడం పక్కకు ఓసారి చూసుకుని, "అనుకున్నా" అన్నాడు.

కరెంటాయన వచ్చిపోయాక కొద్దిరోజులకు, బట్టలుతుకుతూ చూసింది. మరిది చొక్కాలన్నిటికీ కుడి భుజం మీద గోడ సున్నం. "గోడలకు రాసుకోవడానికి గేదెవట్రా?" అని కేకలేసింది. "చూసుకోలేదు వదినా" అన్నాడు. ఆ సాయంత్రం తలుపు సందులోంచి చూసింది. డాలు తొడుక్కుని గది మధ్యలో నిలబడ్డాడు. చూపు ఎదురుగా. నడుం పైన చూస్తే కదలని మనిషే. కాళ్లు మాత్రం, వేళ్లూ మడమా, వేళ్లూ మడమా, నేలను రాసుకుంటూ కుడికి జరిగిపోతున్నాయి. భుజం గోడకు తగిలినా ఆగలేదు. గోడలోకి తోసుకుంటున్నాడు.

ఆవిడ సరాసరి కింది వాటాకు పోయింది. "ఏం చూశావయ్యా ఆ రోజు?"

కరెంటాయన స్టూలు జరిపాడు. "చూడ్డానికేం లేదక్కా. ఎవరో నా మోచేతి కిందికి దూరారు. వేడి ఊపిరి. గడగడా వణుకుతున్నాడు."

"అది నీ వణుకే అయ్యుంటుంది."

"తీగలు పట్టుకునేవాణ్ణి, నా వణుకు నాకు తెలీదా? నాకు భయమెయ్యలేదక్కా. దించడానికే మనసొప్పలేదు. ఎలాగో దించేశాను. ఇప్పుడు కంచం ముందు కూచుంటే గుర్తొస్తాడు, ఏమైపోయాడో అని."

ఆవిడ గబగబా మెట్లెక్కి పైకొచ్చేసింది.

మర్నాడు డాలును మంచం కిందికి తోసి దుప్పటి కప్పింది. మరిది వెతకలేదు, అడగలేదు. వట్టి ఎడం చెయ్యి మడిచి గది మధ్యలో నిలబడ్డాడు. చూస్తుండగానే ఆ చేతి మీద ఎర్రటి గీతలు లేచాయి, ఒకదాని పక్కన ఒకటి, మొనదేలినదేదో వచ్చి గీరుకుపోతున్నట్టు. వాడు అమ్మా అని కూడా అనలేదు. ఆవిడే మంచం కిందికి పాకి, డాలు లాగి, తన చేతులతో వాడికి తొడిగింది.

ఆ తర్వాత వాడు "గోడ అడ్డొస్తోంది" అని డాబా మీదికి మకాం మార్చాడు. డాబాకు మూడు పక్కలే పిట్టగోడ. నాలుగో పక్క బీటలిస్తే ఇంటి యజమాని కొట్టించేసి, కట్టించడం మరిచాడు. వదిన వెంటపడి, కుడి భుజం గోడ వైపుండేలా తిప్పి నిలబెట్టేది. ఆరేసిన చీర మడతపెట్టి చూసేసరికి మళ్లీ ఖాళీ వైపే తిరిగి ఉండేవాడు.

ఓ మబ్బు మధ్యాహ్నం చినుకులు మొదలైతే బట్టలకోసం పరిగెత్తింది. డాబా అంతా తడిసి నల్లబడింది. మరిది ఎడం పక్కన మాత్రం రెండు పాదాలంత మేర పొడిగా ఉంది. చిన్న పాదాలు. వాడి కుడి పాదం అవతల జానెడు డాబా, ఆ తర్వాత వీధి.

"ఒరేయ్, ఇటు రారా. నా మీద ఒట్టు."

"ఎలా వస్తాను? వాడి మీద పడతాను."

"అయితే దించు."

"దించితే వాడుంటాడా?"

"నువ్వు పోతే నేనుంటానట్రా, వెధవా!"

వాడు తల తిప్పి ఆవిడ వంక చూశాడు. నిక్కర్ల రోజుల్లో ఇంకో ముద్ద కావాలన్నప్పటి మొహం. "కుడి పక్క ఎవరూ లేకనే వదినా, ఈ కాళ్లు ఆగడం లేదు. ఎవరైనా ఉంటే ఆగుతాయి. పెద్ద గిన్నె మూత ఉందిగా, అది చాలు. ఎడం చేత్తో పట్టుకుని" అని, ఆ జానెడు చోటు వైపు గడ్డంతో చూపించి, "ఇక్కడ నిలబడు" అన్నాడు.