గొంతు మీద చెయ్యి

శామీర్‌పేట దగ్గర ఓ సర్కారు బడిలో ఇంగ్లీషు చెబుతాను. రెండేళ్ల క్రితం మేడ్చల్‌లో మాకు శిక్షణ ఇచ్చారు. కొన్ని ధ్వనులు పలికితే గొంతు వణుకుతుంది, కొన్నింటికి వణకదు. పిల్లల చేత గొంతు మీద చెయ్యి పెట్టించి పలికిస్తే ఆ తేడా వాళ్లకే తెలిసిపోతుందన్నారు.

ఆగలేకపోయాను. మర్నాడు మధ్యాహ్న భోజనం కాగానే ఆరో తరగతిలో మొదలుపెట్టాను. నలభై మంది పిల్లలు గొంతులు పట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, తుమ్మెదల్లా "జ్‌జ్‌జ్‌" అంటున్నారు. అందరికంటే గట్టిగా నేను.

సరిగ్గా అప్పుడే బడిలో వంట చేసే యాదమ్మ గుమ్మంలోకి వచ్చింది. మమ్మల్ని చూసి, "నా కూర తిని పోరగాండ్లకు ఏమో అయింది" అని అరుస్తూ వెనక్కి పరుగెత్తింది. నేను తేరుకునేలోపే చెంబెడు ఉప్పునీళ్లతో వచ్చి నా తల పట్టుకుంది.

"జల్దీ తాగు మేడం, కక్కెయ్యి."

"పాఠం" అనబోయి నోరు తెరిచాను. ఆ నోట్లోనే పోసేసింది. పాఠం లోపలే ఉండిపోయింది, అన్నం మాత్రం బయటికొచ్చింది. పిల్లలు గొంతుల మీద నుంచి చేతులు తీయలేదు. తీయమని నేను చెప్పలేదు కదా.

సంగతి తెలిశాక యాదమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

"గిసొంటి పాఠాలు బువ్వకు ముందు చెప్పు మేడం. నా పానం పోయినంత పనయింది."

ఆమె ఖాళీ చెంబును ఇంకా వదలకుండా పట్టుకుని కూర్చుంటే నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు ఆ పాఠం మొదటి పీరియడ్‌లోనే చెబుతాను. ముందుగా వంటగదికి వెళ్లి చెప్పి వస్తాను. యాదమ్మ సరేనంటుంది గానీ, ఉప్పు డబ్బా దగ్గరికి జరుపుకుంటుంది.