సీటు మీద తువ్వాల

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఉదయం ఏడుంబావుకు, రేడియోలో ఢిల్లీ వార్తలు అయిపోగానే, మా నాయన కారులోంచి రెండు సీట్లూ విప్పి తెచ్చి వరండాలో పెట్టాడు. టైము అంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం మా అవ్వ. వార్తలు కాగానే వరండా కడిగించడం ఆమె అలవాటు. ఆ రోజు కడగడానికి చోటు లేకపోయింది.

"ఇంట్లో ఉండే కుర్చీలు చాలవనా, ఇవి గూడా తెచ్చి ఈడ పెట్టినావు?" అని అడిగింది. నాయన నవ్వాడు గానీ సీట్లు తీయలేదు.

మేము తిరుపతిలో, రేణిగుంటకు పోయే రోడ్డుకు దగ్గర్లో ఉండేవాళ్ళం. నాయనకు మోటారు సామాన్ల అంగడి ఉండేది. మద్రాసులో ఒక ముసలి డాక్టరు చూపు తగ్గి, షెడ్డులో ఏళ్ళ తరబడి నిలబెట్టేసిన కారును నాయన తెచ్చుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళు పందేల కోసం చేసుకున్న రకం అది. పొడుగాటి ముక్కు, మడిచి వెనక్కి వేసుకునే గుడ్డ కప్పు, ఇద్దరికే చోటు. సీట్ల వెనక పెట్టె పెట్టుకోవడానికి ఒక ఇరుకు పలక ఉండేది. ఆ పలక మీద ఎనిమిదేళ్ళ పిల్లనైన నేను సరిగ్గా పట్టేదాన్ని.

కారు మొదట వీధిలోకి వచ్చిన రోజు ఎదురింటి మామ చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, ఇంట్లో ఇంతమంది ఉండంగా ఇద్దరు పట్టే కారు తెచ్చినావే, మిగతావాళ్ళు వెనక పరిగెత్తేదా?" అన్నాడు. వీధంతా నవ్వింది. నాయనా నవ్వాడు. మాటలకు బాధపడే మనిషి కాదు.

ఇంజను పని ముందే అయిపోయింది. మిగిలింది లోపలి పని. అంగడి మూసేది ఆదివారం ఒక్కటే కాబట్టి ఆ పని ఆదివారాల్లో నడిచింది. తలుపుల లోపలి అట్టలు ఉబ్బిపోతే ప్లైవుడ్డు కోసి కొత్తవి చేశాడు. స్టీరింగు ముందుండే చెక్కను ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది పాలిషు పట్టించాడు. కింద పరచడానికి కొబ్బరినార చాప తెచ్చి, పెడళ్ళకు అడ్డం రాకుండా కత్తిరించాడు. సీట్ల తోలు పగిలి లోపలి పీచు బయటికి వచ్చేసింది. నాయన కుట్లన్నీ బ్లేడుతో విప్పి, ప్రతి ముక్క మీదా సుద్దతో గుర్తు రాసి, ఆ ముక్కల్ని ముదురు ఎరుపు రెక్సిన్ మీద పరిచి అదే కొలతకు కోశాడు. అంతవరకూ బాగానే జరిగింది. కుట్టడం దగ్గర ఆగిపోయింది. మా అమ్మ మిషను మీద రెక్సిన్ రెండు పొరలు పెడితే సూది విరిగిపోయేది.

అప్పుడు పక్కింటి అక్క పని మొదలైంది.

అక్కకు అప్పుడు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. వాళ్ళ నాన్న రైల్వేలో పని చేసేవాడు. ఆమె కాలి మిషను మీద బడి సంచులూ, పిల్లల యూనిఫారాలూ కుట్టి ఇంటికి ఆసరాగా ఉండేది. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. మా అవ్వకు అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉండేది. చర్చికి పోకముందు వాళ్ళ పెద్దలు ఊరికి ఏ వైపున ఉండేవాళ్ళు అన్నది. అక్క మా ఇంటికి వస్తే వరండా మెట్టు మీద కూర్చునేది. లోపలికి రావద్దని ఎవరూ చెప్పలేదు. రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు.

చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, అక్క మిషను ముందు కూర్చునేది. నాయన రెక్సిన్ ముక్కలు మోసుకుని పోయేవాడు. నేను వెనకాల పోయేదాన్ని. రెక్సిన్ జరగక మొరాయిస్తే అక్క దాని మీద కొంచెం పౌడరు చల్లేది. అంచుల్లో తాడు పెట్టి కుట్టాల్సిన చోట ఇద్దరూ చెరో వైపు పట్టుకుని, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ పని చేసేవాళ్ళు.

"ఇది అయినాక లారీ టైర్లు గూడా తెస్తారేమో కుట్టేదానికి," అనేది అక్క.

"తెస్తా. నీకు చేతనవుతాదా?"

"దారం మీరిస్తే అవుతాది."

కుట్టిన ముక్కలు మా ఇంటికి తిరిగి వచ్చాక అవ్వ వాటి మీద రెండు చుక్కల నీళ్ళు చల్లేది. నాయన చూసేవాడు. నీళ్ళు తగిలితే రెక్సిన్‌కు ఏమీ కాదు కదా అని ఊరుకునేవాడు. ఆయన అలా ఊరుకోవడాన్ని నేను మంచితనం అనుకునేదాన్ని.

చివరి ఆదివారం సాయంత్రం సీట్లు బిగించారు. శుక్రవారం పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, మొదట అవ్వను శ్రీకాళహస్తికి తీసుకుపోవాలని ఇంట్లో అనుకున్నారు. అంతదాకా కొత్త సీట్ల మీద ఎవరూ కూర్చోకూడదు.

సోమవారం పొద్దున అక్క కొళాయి దగ్గర పాచి మీద జారి పడింది. కుడి చెయ్యి మణికట్టు పైన విరిగింది. వాళ్ళ నాన్న డ్యూటీలో ఉన్నాడు. వాళ్ళమ్మ మా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఎముక విరిగితే మా వైపు ఎవరికైనా నాటుకట్టు కట్టే పుత్తూరే గుర్తొస్తుంది. బస్సులో నిలబడి, కుదుపుల్లో, ఆ చేత్తో ఎలా పోవడం? నాయన ఆమెను ఇంకో మాట అననివ్వలేదు. "నేను తీసకపోతా పదమ్మా," అని తాళం చెవి తీసుకున్నాడు. వాళ్ళమ్మ వెనక బస్సులో వస్తానంది. పెళ్ళికాని పిల్లను ఒక్కదాన్నే పంపడం బాగుండదని నన్ను వెనక పలక మీద కూర్చోబెట్టారు.

అక్క తలుపు దగ్గరికి వచ్చేసరికి అవ్వ లోపలి నుంచి ఒక పాత తువ్వాల తెచ్చింది. కొసలు పీలికలైన తువ్వాల. కొత్త ఎర్ర సీటు మీద, వీపు ఆనే చోటు నుంచి కింద దాకా పరిచింది. "కొత్త సీటు, దుమ్ము పడతాది," అంది, ఎవరి వైపూ చూడకుండా.

మా ఇంట్లో అది కొత్త కాదు. కొందరు వచ్చినప్పుడు బెంచీ మీద కూడా ఆ తువ్వాల పడేది. కొందరు వచ్చినప్పుడు పడేది కాదు. పిల్లలమైన మాకు కూడా ఎవరికి పడుతుందో తెలుసు.

నాయన చూశాడు. నాకు స్పష్టంగా తెలుసు, చూశాడు. తర్వాత వంగి, అవసరం లేకపోయినా, టైరులో గాలి చూసుకున్నాడు.

అక్క ఒక క్షణం సీటు వైపు చూసింది. తాను అంచుల్లో తాడు పెట్టి కుట్టిన చోటు తువ్వాల కిందికి పోయింది. ఎక్కి కూర్చుంది.

రెక్సిన్ జారుడుగా ఉంటుంది. మలుపు వచ్చినప్పుడల్లా తువ్వాల పక్కకు జరిగేది. విరిగిన చేతిని ఒడిలో ఎడమ చేత్తో పట్టుకుని ఉన్న అక్క, ఆ ఎడమ చెయ్యి వదిలి తువ్వాలను మళ్ళీ కిందికి లాక్కునేది. వదిలినప్పుడల్లా ఆమె భుజం బిగుసుకోవడం వెనక నుంచి నాకు కనిపించేది. చెయ్యి చాపితే ఆ తువ్వాల నాకు అందేది. రేణిగుంట దాటాక నాయన కారు పక్కకు ఆపాడు.

"నొప్పి ఎక్కువగా ఉండాదా పాపా?"

"లేదన్నా. తువ్వాల జారతా ఉండాది, అంతే."

నాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తువ్వాల తీసి వెనక పడెయ్యమని ఒక మాట అంటే సరిపోయేది. ఆ మాట అనాలంటే అది ఎందుకు పరిచారో ఒప్పుకోవాలి. కారు మళ్ళీ కదిలింది. తర్వాత చాలా నెమ్మదిగా నడిపాడు.

పుత్తూరులో కట్టు కట్టే ఆయన చెయ్యి తడిమి, సరిచేసి, పసరు రాసి, గుడ్డ చుట్టి వెదురు బద్దలతో బిగించాడు. అక్క అరవలేదు. అంతా అయ్యాక మాత్రం అడిగింది.

"మిషను కుట్టేదానికి చెయ్యి వస్తాదా?"

"కదిలించకుండా ఉంటే వస్తాది. కదిలిస్తే నేను చెప్పలేను."

నాయన ఆ మాట విని బయటికి వెళ్ళాడు. నేనూ వెళ్ళి కారులో వెనక పలక ఎక్కాను. ఆయన సీటు మీది తువ్వాల తీసి, మడిచి, నా పక్కన పెట్టాడు. నా వైపు చూడలేదు.

వాళ్ళమ్మ అప్పటికి బస్సు దిగి వచ్చింది. ఆమె మళ్ళీ బస్సుకే పోయింది. అక్క కారు దగ్గరికి వచ్చి ఖాళీ సీటు చూసి ఆగింది.

"తువ్వాల యాడన్నా?"

"వద్దులే, కూర్చో."

"అవ్వ చూస్తాది. మిమ్మల్ని అంటాది. ఇటియ్యి పాపా," అని నా వైపు ఎడమ చెయ్యి చాపింది.

ఇచ్చాను. ఒక్క చేత్తోనే తానే పరుచుకుని కూర్చుంది. నాయనను ఇంట్లో మాట పడకుండా కాపాడాలని ఆమె అనుకుంది. ఆ సంగతి ఆయనకూ అర్థమైంది. ఇంటి దగ్గర దిగుతూ ఆమె తువ్వాల భుజాన వేసుకుంది. ఉతికి ఇస్తానంది.

శుక్రవారం పూజ జరిగింది. అవ్వ శ్రీకాళహస్తికి ఆ సీటులోనే, తువ్వాల లేకుండా కూర్చుని వచ్చింది. దోవలో, వెనక పలక మీద నేను వింటుండగానే, సీటు బాగుండాదిరా అంది.

"కుట్టింది ఎవరో తెలుసు కదమ్మా," అన్నాడు నాయన.

"తెలుసులే," అంది అవ్వ. తల బయటికి తిప్పుకుంది.

రెండో కట్టుకూ మూడో కట్టుకూ అక్క బస్సులోనే పోయింది. నాయన ప్రతిసారీ గేటు దగ్గరికి పోయి అడిగేవాడు. "వద్దులేన్నా, బస్సు నాకు అలవాటే," అనేది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాయనకు సులువుగా ఉండేదనుకుంటాను.

కట్టు విప్పిన తర్వాతి వారం అక్క మా వరండా మెట్టు దగ్గరికి వచ్చి తువ్వాల ఇచ్చింది. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. పీలికలైన రెండు కొసలూ మడిచి అంచు కుట్టి ఉంది. సీట్లకు వాడిన ఎర్ర దారం మిగిలితే దాంతోనే కుట్టింది. చెయ్యి వచ్చాక ఆమె మొదట కుట్టింది అదే. ఒక మూల కుట్టు కొంచెం వంకర పోయింది. అంతకు ముందు ఆమె కుట్టు వంకర పోవడం నేను చూడలేదు.

"చినిగిపోతా ఉన్నింది, అవ్వకు ఇంకా పనికొస్తాది," అంది. ఎత్తిపొడుపు కాదు. ఆ రోజు వెతికాను, తర్వాత ఎన్నో ఏళ్ళు వెతికాను, ఆ మాటలో ఎత్తిపొడుపు దొరకలేదు.

అవ్వ తువ్వాల అందుకుని అంచును వేళ్ళతో తడిమింది. నీళ్ళు చల్లలేదు. వాడనూ లేదు. గోడ మేకుకు తగిలించింది. మరుసటి రోజు నాయన దాన్ని తీసుకుని భుజాన వేసుకుని అంగడికి వెళ్ళాడు. అది పోగులు పోగులుగా విడిపోయేదాకా ఆయన భుజం మీదే ఉంది. కారు అమ్మేసిన తర్వాత కూడా ఉంది. దాని గురించి ఆయన ఒక్కసారే మాట్లాడాడు, చివరి రోజుల్లో, నేను మంచం పక్కన కూర్చున్నప్పుడు. "ఆ పొద్దు నేను దిగి దాన్ని తీసేసి ఉండాల్సింది," అన్నాడు. ఏ పొద్దు అని నేను అడగలేదు.

ఈ వేసవిలో అక్క పోయింది. చూడడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ కూతురు నా కోసం ఒక కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. కూర్చోవడానికి నాకు కొంత సేపు పట్టింది. మూలన మిషను ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది.

ఇప్పుడు మా పిల్లల కారులో ఎవరైనా ఎక్కుతుంటే నా చూపు మొదట సీటు మీదికే పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. అయినా చూస్తాను. మా ఇంట్లో ఎవరికీ సీటు మీద తువ్వాల పరచడం లేదు.