తెల్లగుడ్డ మీద కోడిపిల్లలు

మా పక్కింటి పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. ఆ సంగతి ముందుగా తెలిపినవి ఆమె కోడిపిల్లలే. ఎండ వాకిట్లోకి వచ్చినా గంప ఎత్తేవాళ్లు లేక అవి ఒకటే అరుస్తుంటే, ఏమైందోనని అమ్మ వెళ్లి చూసింది. హనుమకొండ హాస్టల్లో ఉన్న నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మ నిద్రలనే పోయింది బిడ్డా" అంది.

పరకాల బస్సులో కూర్చున్నంతసేపూ రెండేళ్ల కిందటి రోజులే గుర్తొచ్చాయి. అప్పుడు అమ్మ మొదటిసారి ఇరవై కోడిపిల్లల్ని తెచ్చింది. తల్లికోడి లేని పిల్లలు, బల్బు వెచ్చదనంలోనే పెరగాలి. మూడో వారంలో కొన్ని రెక్కలు వేలాడేసి మూలకు చేరాయి. రెండు చచ్చిపోయాయి. నేను ఫోన్లో చదివి, చలి అని తేల్చేశాను. బల్బు కిందికి దించి, గంప మీద గోనెసంచి కప్పి, నీళ్ల గిన్నె కూడా లోపలే పెట్టాను. తెల్లారేసరికి ఇంకొకటి చచ్చింది. అమ్మ గంప పక్కన కూలబడి ఏడ్చింది.

పెద్దమ్మ వచ్చి గోనె తీసింది. దేన్నీ ముట్టుకోలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. మీరెప్పుడైనా ఒక కోడిపిల్లను అంతసేపు చూశారా?

"అది నిద్రపోతాంది. ఇది కునుకుతాంది. గా మూలది జోగుతాంది" అంది చివరికి.

అప్పటిదాకా ఆ మూడూ నాకు ఒక్కటే. ఆమెకు మాత్రం ఒకటి ఆరోగ్యం, ఒకటి అనుమానం, ఒకటి ఆపద.

తర్వాత పిల్లల కింద పరిచిన ఊకలో చెయ్యి పెట్టింది. "పచ్చి తడి! నీళ్లు లోపల ఎవలు పెట్టిండ్రు?"

"నేనే. చలి అని ఫోన్లో ఉంది పెద్దమ్మా."

"నీ ఫోను వంగి రెట్ట సూసిందా బిడ్డా?"

అంత ఏడుపులోనూ అమ్మకు నవ్వొచ్చింది.

పెద్దమ్మ ఊక మార్పించింది. జోగుతున్నవాటిని వేరే గంప కింద పెట్టి, ఆ కింద పెద్దనాన్న పాత ధోవతి పరిచింది. గంట తర్వాత గంప ఎత్తితే తెల్లటి గుడ్డ మీద ఎర్రటి జిగట చుక్కలు. ఊకలో కలిసిపోయిన ఆ నెత్తురు అన్ని రోజులూ నా కళ్లముందే ఉంది.

"ఇగ నాతోని గాదు, పశువుల దవాఖానకు పో" అంది. అంత తెలిసిన మనిషి ఆ మాట అంత తేలిగ్గా అనగలిగినందుకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రెట్టను ఆకులో చుట్టి నా చేతికిచ్చింది. "డాక్టర్ సారుకు నోటితోని చెప్పకు. జర గిది సూపియ్యి."

డాక్టర్ చూడగానే రక్తపారుడు, తడి ఊకలో ముదిరే రోగం అన్నాడు. ఆయనిచ్చిన మందు నీళ్లలో కలిపాం. తాగలేనివాటికి పెద్దమ్మ చిటికెనవేలి కొస నుంచి ఒక్కో చుక్క ముక్కు పక్కన జార్చేది. "తొందరపడకు, అది మింగినంకనే ఇంకో చుక్క" అనేది. ఇంకొకటి పోయినా పదహారు బతికాయి. అప్పటి నుంచి పెద్దమ్మ ఇంట్లోనూ, మా ఇంట్లోనూ, ఏ పిల్లలున్నా సాయంత్రం గంప కింద తెల్లగుడ్డ పరవాల్సిందే, పొద్దున్నే చూడాల్సిందే.

నేను చేరేసరికి పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. అమ్మ గంప ఎత్తి పిల్లల్ని బయటికి వదిలింది కానీ గుడ్డ అక్కడే ఉంది, ముందురోజు సాయంత్రం పెద్దమ్మ పరిచినట్టే. పొద్దుటి నుంచి దాన్ని ఎవరూ చూడలేదు.

వంగి చూశాను. ఆమె చూసినట్టే, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా. గట్టి రెట్టలు, ఒక్కోదాని మీద ఆరోగ్యానికి గుర్తుగా చిన్న తెల్లటి టోపీ. ఎరుపు ఎక్కడా లేదు.

"అన్ని మంచిగున్నయ్ పెద్దమ్మా" అన్నాను.

వచ్చినవాళ్లు విడిచిన చెప్పుల మధ్య పిల్లలు మట్టి గీరుకుంటూ తిరుగుతున్నాయి.