ప్లాట్ల మెయిళ్లు

నేను ఏలూరులో చేపల ఎగుమతి ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే రోజులవి. కొల్లేరు చేపలకి ఆర్డర్లు మెయిల్లో వచ్చేవి. వాటితోపాటు అప్పులిస్తామనీ, ప్లాట్లు అమ్ముతామనీ, ఒళ్లు తగ్గిస్తామనీ పనికిరాని మెయిళ్లు వచ్చిపడేవి. ఆ చెత్తలో ఒక ఆర్డర్ నా కంటపడలేదు. ఓనరుగారు అందరి ముందూ కేకలేశారు. ఆ రోజే కూర్చుని ఫిల్టర్ పెట్టాను. సబ్జెక్ట్‌లో "ఆఫర్", "ప్లాట్స్" లాంటి మాటలుంటే ఆ మెయిల్ నేరుగా స్పామ్‌లోకి పోతుంది.

వారం తిరక్కుండా తాడేపల్లిగూడెం నుంచి ఓనరుగారి బావమరిది వచ్చారు. ఆయన అక్కడ ప్లాట్లు అమ్ముతారు, వాటి మెయిళ్లు మా ఆఫీసుకీ పంపుతుంటారు.

"మా మెయిళ్లు కూడా చెత్తేనాండీ?" అన్నారు నాతో.

"ఇది చేపల ఆర్డర్ల కోసమండీ," అన్నాను.

"పోనీ, వారివి రానివ్వండమ్మా," అన్నారు ఓనరుగారు ఇబ్బందిగా.

నాకు ఒళ్లు మండింది. "అలాగేనండీ. మళ్లీ ఆర్డర్ కనబడకపోతే మాత్రం నన్ను అనకూడదండీ."

ఓనరుగారు బావమరిదివైపు తిరిగి, "ఫోన్ చెయ్యవయ్యా, మెయిలెందుకూ?" అన్నారు.

మర్నాడు ఆయన సబ్జెక్ట్‌లో "చేపల ఆర్డర్" అని పెట్టి మళ్లీ ప్లాట్ల మెయిలే పంపారు. ఈసారి ఆయన అడ్రసునే ఫిల్టర్‌లో పెట్టాను. ఓనరుగారికి చెప్పి మరీ పెట్టాను.