రెక్కకు చెవి పెట్టి

ధర్మవరంలో మా పక్కింటాయన పట్టుచీరలు ఇస్త్రీ చేసేవాడు. పని లేని పూట అదే ఇస్త్రీపెట్టెతో బొమ్మ విమానాలకు బట్ట అంటించేవాడు. తేలిక కొయ్య రెక్క మీద పరిచి వేడి తగిలిస్తే అంటుకుని బిగిసే బట్ట అది. బాగా బిగిస్తే డప్పులా పలకాలి. మరమగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. అందుకని రెక్కను నా చెవికి ఆనించి, వేలితో మీటి, నా మొహం చూసేవాడు.

"పలికిందా అప్పా?"

తలూపేవాణ్ణి.

చీర అంచులా మామిడిపిందెలు వేసిన ఎర్ర విమానం వంతు వచ్చినప్పుడు నేను ఫోన్ చూసుకుంటున్నాను. వినకుండానే తలూపాను.

పెనుకొండ దారిలో ఎగరేశాం. గాల్లోనే రెక్క మీది బట్ట ఊడి కొట్టుకుంది. విమానం రాళ్లలో పడింది. ముక్కలు ఏరుకుంటూ ఆయన అడిగాడు.

"ఆ పొద్దు నిజంగా పలికిందా?"

మళ్లీ తలూపాను.

ఆయన పోయాక, ఆ ఎర్ర విమానంలో మిగిలిన రెండో రెక్కను వాళ్లావిడ నా చేతిలో పెట్టింది.

"నీ చెవులతోనే కదప్పా చేసినాడు. నువ్వే పెట్టుకో."

గోడకు తగిలించాను. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో ఆ బట్ట దానంతటదే బిగిసి టప్పుమంటుంది. ప్రతిసారీ అటు తిరిగి, తల అడ్డంగా ఊపుతాను.